నములుటయు నాగరకతయు

(మన గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)

 

ఈ శుభసమయమున నన్ను కొన్ని మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేనే ప్రబంధమును గూర్చియో, ఏ పురాణకథను గూర్చియో ముచ్చటింతునని మీలో పెక్కుమంది తలచియుందురు. నేనెన్నుకొన్న విషయము అంత గంభీరముగ వినబడదు. అది మనమందరమును దినమునకు రెండుమూడు పర్యాయములు చేయుచు, ఒక్కమారైనను తలపోయని పని. అదియే నములుట.

నేను వైద్యుడను కాను. పద్దులు వ్రాయుట నా వృత్తి. పొద్దుగ్రుంకిన పిదప ఈ గ్రంథాలయపు బల్లపై పుస్తకములు ముందిడుకొని కూర్చుండుట నా వ్యసనము. పద్దులు వ్రాయువానికి ఒక స్వభావముండును. ఏదేని ఖర్చు తగ్గినచో అతడు సంతోషించి ఊరకుండడు; ఆ తగ్గిన మొత్తము ఏ ఖాతాలోనికి మారినదో వెదకును. మనుష్యజాతి తన చిట్టాలో ఒక పెద్ద ఖర్చును తగ్గించుకొన్నది. అది నమలెడి శ్రమ. ఆ మిగులు ఎచ్చట జమపడినది? ఎచ్చట బాకీగా నిలిచినది? ఈ ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు వెదకిపెట్టిన సమాధానములను నాకు తెలిసినంతవరకు మీకు నివేదించెదను.

మన పెద్దలు ఆహారమును అయిదు విధములుగ విభజించిరి. భక్ష్యము, భోజ్యము, లేహ్యము, చోష్యము, పానీయము. విందుభోజనమును వర్ణింపవలసివచ్చినపుడెల్ల మన కవులు ఈ అయిదింటిని వరుసగ పేర్కొందురు. అది కేవలము మాటల పేర్పు కాదు. ఆ విభాగమున ఒక సూక్ష్మము కలదు. తీపి, పులుపు అను రుచులను బట్టి కాక, నోటికి కలుగు పనిని బట్టి ఏర్పడిన విభాగమది. కొరికి నమలవలసినది భక్ష్యము; అన్నమువలె మెత్తగ తినదగినది భోజ్యము; నాకునది లేహ్యము; పీల్చునది చోష్యము; త్రాగునది పానీయము. ఈ అయిదింటిలో దవడకు నిజమైన పని కల్పించునది మొదటిది మాత్రమే. లోకమునందు నాగరకత పెరిగిన కొలది ఆ మొదటిది తగ్గి, తక్కిన నాలుగును పెరుగుచు వచ్చినవి. నా ఉపన్యాసమునకు ఇదియే సూత్రము. ఇకమీద చెప్పునదంతయు దానికి వ్యాఖ్యానము.

ముందుగ ఆ పనిముట్టును చూతము. మీ అరచేతిని చెవికి ముందుగ, చెక్కిలి వెనుకభాగమున ఆనించి పళ్ళు బిగింపుడు. అచ్చట ఒక గట్టి ఉండ లేచినట్లు తోచును. అది చెక్కిటి కండరము. ఇప్పుడు వ్రేళ్ళను కణతలపై నుంచి మరల బిగింపుడు. అచ్చటను కదలిక తెలియును. అది విసనకర్రవలె తలప్రక్కను పరచుకొనియున్న కణత కండరము. దవడ లోపలి వైపున చేతికందని జతలు మరి రెండు కలవు. ఒకటి దవడను మూయుటకు తోడ్పడును. రెండవది దవడను ముందునకును ప్రక్కలకును జరుపును, నోరు తెరచుటకు సాయపడును. ఈ నాలుగు జతలును కూడి రోకటివలె దంచును, తిరుగలివలె విసరును. మన బడిపుస్తకములలో వెనుకటి పండ్లకు చర్వణకములను పేరు పెట్టిరి. చర్వణమనగా నములుటయే కదా!

కండరమునకు ఒక ధర్మము కలదు. పని చెప్పినచో పెరుగును, పని మాన్పించినచో తగ్గును. సమ్మెట కొట్టు కమ్మరి భుజమును, కలము పట్టు నా భుజమును ప్రక్కప్రక్కన నిలిపినచో వేరు సాక్ష్యమక్కరలేదు. దవడకండరమును ఈ ధర్మమునకు లోబడినదే. అయితే ఇచ్చట మరియొక విశేషమున్నది. కండరము లాగెడి లాగుడునకు ఎముక బదులు చెప్పును. పెరుగు వయస్సులో ఉన్న బాలుని దవడయెముక, దానిపై పడు బలమును బట్టి కొంతవరకు తన పొడవును, మందమును ఏర్పరచుకొనును. దంతముల పరిమాణమో చాలవరకు వంశక్రమముగ ముందే నిర్ణయమైనది. కావున దవడ చాలినంత పెరుగనిచో, వచ్చిన దంతములకు చోటు చాలదు. చుట్టములు అందరును వచ్చిరి, పందిరి మాత్రము చిన్నదయ్యెను అన్నట్లుండును. అవి ఒకదానిపై నొకటి ఎక్కును, ప్రక్కకు ఒరగును, చిట్టచివర వచ్చు జ్ఞానదంతము చిగురులోనే చిక్కుకొని బాధపెట్టును.

ఇది ఊహ కాదనుటకు వివిధ జనులలో కనబడిన భేదములే ప్రమాణము. ఉత్తరధ్రువమునకు సమీపమున నివసించు ఇన్యూట్ జనులను, పూర్వము ఎస్కిమోలని పిలువబడినవారిని, మొదట చూతము. ఆ మంచుదేశమున పైరు లేదు. సీలు మాంసము, చేప, తిమింగిలపు తోలు వారి పూర్వాహారము. ఎండినదో, గడ్డకట్టినదో అయిన మాంసమును పంటితో పట్టి చీల్చి తినవలసియుండెను. అంతేకాక వారి స్త్రీలు పాదరక్షలకును దుస్తులకును వలయు తోళ్ళను పంటితో నమిలి మెత్తన చేయుచుండిరి. దంతములే వారికి పట్టుకారు, దంతములే గూటము. 1937వ సంవత్సరమున వా అను అమెరికా దంతవైద్యుడు అలాస్కాలోని ఆ జనుల కొరుకుడు బలమును కొలిచి ప్రకటించెను. 300 పౌనులను, అనగా 136 కిలోలను మించిన బలము చూపినవారును వారిలో కనబడిరి. నేటి నగరవాసులలో ఆరోగ్యవంతుడగు వయోజనుడు చర్వణకముల నడుమ చూపు గరిష్ఠబలము ప్రాయికముగ 50 నుండి 80 కిలోల వరకు నుండును. తేడా మీరే లెక్కించుకొనుడు.

అచ్చటినుండి భూగోళమున కావలివైపునకు పోదము. ఆస్ట్రేలియా మధ్యభాగపు ఎడారిలో యూఎండుము అను ఊరు కలదు. ఆడిలెయిడు విశ్వవిద్యాలయపు దంతశాస్త్రజ్ఞులు 1951 మొదలు సుమారు ఇరువది యేండ్లు అచ్చటి ఆదివాసుల పిల్లల దంతములను, దవడలను ఏటేట కొలిచి, అచ్చులు తీసి భద్రపరచిరి. పూర్వాహారముపై బ్రదికిన ఆదివాసుల పండ్లు పైభాగమున బల్లవలె సమముగ అరిగియుండుటయు, ముందరి పండ్లు ఒకదాని అంచుపై నొకటి సరిగ నిలుచుటయు సామాన్యము. 1964లో స్వీడను దేశీయుడగు బేరోన్ ఆ జనుల నములు విధమును పరీక్షించి, వారి దవడ ప్రక్కలకు విశాలముగ కదలుచున్నదని వ్రాసెను. మెత్తని ఆహారము తినువాని దవడ తలుపువలె పైకిని క్రిందికిని ఆడును; గట్టి ఆహారము తినువాని దవడ తిరుగలివలె తిరుగును. బలమునందే కాక నడకయందును భేదము కలదన్నమాట.

ఇచ్చట మీలో నొకరు లేచి, 'అయ్యా, ఇది జాతిలక్షణము కాదా? తండ్రి దవడ కొడుకునకు వచ్చును. దీనికి తిండికిని సంబంధమేమి?' అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. వంశక్రమమునకు పాత్ర లేదని ఎవ్వరును అనరు. కాని ఒకే వంశమునందు ఆహారము మారినపుడు ఏమి జరుగునో చూచినగాని తీర్పు చెప్పరాదు.

మొదట జంతువుల సాక్ష్యము. 1951లో వాట్, విలియమ్స్ అను ఇరువురు ఎలుకలను రెండు జట్లుగ పెంచిరి. ఒక జట్టునకు గట్టి మేత, మరియొక జట్టునకు అదే మేతను మెత్తన చేసి పెట్టిరి. మెత్తని మేత తిన్నవాని దవడలు పెరుగుదలలో వెనుకబడినవి. 2004లో హార్వర్డు విశ్వవిద్యాలయపు లీబర్మన్, ఆయన సహచరులును కుందేలంత పరిమాణము కల హైరాక్స్ అను జంతువులపై ఇట్టి పరీక్షయే చేసిరి. వండిన మెత్తని ఆహారము తిన్నవాని ముఖములో, నములుబలము ఎక్కువగ తాకు భాగములు పచ్చి, ఎండు ఆహారము తిన్నవానికంటె సుమారు నూటికి పదివంతులు తక్కువగ పెరిగినవి.

ఇక మానవుల సాక్ష్యము. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ఒక మారుమూల గ్రామసీమను కొరుచ్చిని, విట్లీ అను వారు పరిశీలించి 1981లో ప్రకటించిరి. అచ్చటి పెద్దలు బాల్యమున ఎండించిన మాంసము మొదలగు నమలవలసిన ఆహారమును తిని పెరిగినవారు. వారి సంతానము అంగడి ఆహారము తిని పెరిగినది. రక్తము ఒకటే, ఊరు ఒకటే. అయినను పెద్దల పలువరుసకంటె పిన్నల పలువరుసలో వంకరలు హెచ్చుగ కనబడినవి. అదే కొరుచ్చిని మన దేశపు శాస్త్రజ్ఞులతో గూడి చండీగఢ్ నగరపు యువతను, ఆ ప్రాంతపు పల్లెల యువతను పోల్చి 1983లో ఫలితములు వెల్లడించెను. మెత్తని తిండికి అలవడిన నగరవాసులలో పలువరుస దోషము హెచ్చు. ముతక తిండి తిను పల్లెవాసులలో తక్కువ. ఇరువురును పంజాబు నేలవారే.

2011లో నోరీన్ ఫాన్ క్రామన్-టౌబడెల్ అను విదుషి లోకమున వివిధ ప్రాంతములకు చెందిన 11 జనసమూహముల పుర్రెలను కొలిచెను. అందు కొందరు సేద్యజీవులు, కొందరు వేటజీవులు. ఆమె తేల్చినదేమనగా, పుర్రె పైభాగపు ఆకృతి ఆయా జనుల వంశచరిత్రను అనుసరించుచున్నది. క్రిందిదవడ ఆకృతియో వారి జీవనవిధానమును అనుసరించుచున్నది. వేటజీవుల దవడలు పొడవైనవి, సన్ననివి. సేద్యజీవులవి పొట్టివి, వెడల్పైనవి. తల తాతముత్తాతలది, దవడ వంటయింటిది అని దీనిని నేను క్లుప్తీకరించుకొంటిని.

మరి ఈ పని దవడకు ఎప్పుడు తగ్గనారంభించెను? సేద్యముతో కాదు, అగ్నితో సయితము కాదు, రాతిపనిముట్టుతో. 2016లో జింక్, లీబర్మన్ అను వారు మనుష్యులచేతనే పచ్చి దుంపలను, మేకమాంసమును నమిలించి కొలిచిరి. ఆహారములో మూడవవంతు మాంసముండి, మాంసమును రాతికత్తితో ముక్కలుగ కోసి, దుంపలను రాతితో దంచి తిన్నచో, ఆది మానవునకు నములుటలు నూటికి 17 వంతులు, నమలుటకు పెట్టు బలము నూటికి 26 వంతులు తగ్గియుండునని వారు గణించిరి. ఆ మీద నిప్పు వచ్చినది, కుండ వచ్చినది, తిరుగలి వచ్చినది, మిల్లు వచ్చినది, తుదకు మిక్సీ వచ్చినది. ప్రతి పనిముట్టును దవడ పనిలో కొంత పుచ్చుకొన్నది. ఇది మేలా, కీడా యనిన, తొలుత మేలే. నమలుటకు పట్టు కాలము, శక్తి మిగిలినవి. 2022లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము, రుచి లేని మెత్తని బంకను నమలునప్పుడే శరీరపు శక్తివ్యయము విశ్రాంతిలో నుండునప్పటికంటె నూటికి 10 వంతులు, గట్టి బంకయైనచో 15 వంతులు పెరుగును. ఇట్టి ఖర్చు తగ్గుట మానవజాతికి జమయే.

అయితే ఈ తగ్గుదల మన కాలమున ఎంతవరకు వచ్చినదో జపానువారి లెక్క ఒకటి తెలుపుచున్నది. కనగావా దంతవైద్య కళాశాలలో సైతో షిగేరు అను ఆచార్యుడు పూర్వకాలపు భోజనములను మరల వండించి, ఒక్కొక్క భోజనమునకు ఎన్నిమారులు నమలవలసివచ్చునో లెక్కింపించెను. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలోని హిమికో రాణి కాలపు భోజనమునకు 3,990 నములుటలు, 51 నిమిషములు పట్టినవి. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందటి భోజనమునకు 1,420 నములుటలు, 22 నిమిషములు. ఆధునిక భోజనమునకు 620 నములుటలు, 11 నిమిషములు. గమనింపుడు! పదునేడు శతాబ్దములలో సుమారు మూడవవంతునకు తగ్గిన లెక్క, ఆ పిదప ఒకటి రెండు తరములలోనే మరల సగమునకంటె తక్కువకు దిగినది. నెమ్మదిగ జరిగిన మార్పునకు శరీరము సర్దుకొనును. ఒక్క తరములో జరిగిన మార్పునకు పిల్లవాని పలువరుస సాక్ష్యమిచ్చును.

శబ్దశాస్త్రప్రియులకు ఇచ్చట ఒక చిన్న కానుక. వకారమును మన వ్యాకర్తలు దంతోష్ఠ్యమనిరి. పైపండ్లు క్రింది పెదవిని తాకుటచే పుట్టునదని దాని భావము. పైపండ్లు క్రిందిపండ్లకంటె కొంచెము ముందునకు ఉన్నవానికి ఇది సులభము. అంచుపై అంచు నిలిచిన పలువరుస కలవానికి కష్టతరము. కావున గట్టి ఆహారము తిను వేటజనుల భాషలలో ఇట్టి ధ్వనులు అరుదని 1985లో హాకెట్ అను భాషావేత్త సూచించెను. 2019లో జ్యూరిక్ విశ్వవిద్యాలయపు పండితులు పెక్కు భాషలను పరిశీలించి ఆ ఊహను బలపరచిరి. ఇందు అందరికిని ఏకాభిప్రాయము లేదు. అయినను అన్నము మెత్తనగుట వలన అక్షరమే పుట్టినదేమో యనుట, అక్షరములను కొలుచుటకు చేరిన ఈ సభకు వినసొంపైన మాట కదా!

ఇక మన నేలకు వత్తము. జొన్నకూటిని గూర్చి పలనాటిలో శ్రీనాథుడు పరిహాసపు చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. మెట్టసీమలలో జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ శతాబ్దులుగ జీవనాధారములు. మిల్లులు వచ్చి దంపుడుబియ్యమును తప్పించినవి. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో 2 రూపాయల బియ్యపు పథకము వచ్చి, పేదవాని ఇంటను వరియన్నము నిత్యమయ్యెను. ఆకలిని తీర్చిన దానిని నిందించుట కృతఘ్నత. నేను నిందింపను. ఇటీవల చిరుధాన్యములను అందరును ప్రశంసించుచున్నారు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి వాని పేర జరిపెను. అది బాగుగనే యున్నది. కాని దవడ దృష్టితో చూచినచో ఒక మాట చెప్పవలసియున్నది. రాగిసంకటిని ఎవ్వరును నమలరు. ముద్ద చేసి పులుసులో ముంచి మ్రింగుదురు. అంబలిని త్రాగుదురు. ధాన్యము పాతదైనంత మాత్రమున దవడకు పని కలుగదు. జొన్నరొట్టె, సజ్జరొట్టె వేరు. అవి నమలక దిగవు.

నిజమునకు మన పల్లెలలో దవడకు వ్యాయామము కల్పించినది కంచములోని అన్నము కాదు, కంచము వెలుపలి తిండి. చెరకుగడను పంటితో ఒలిచి నమలుట, తేగను చీల్చి పీచు తీయుచు తినుట, ఎండుకొబ్బరి, పచ్చిమామిడి ముక్క, కాల్చిన మొక్కజొన్న కంకి, ఊచబియ్యము, వేయించిన సెనగలు, పేలాలు, సకినములు, జంతికలు, చెక్కలు. ఇవియన్నియు భక్ష్యములు. వీనితో కూడ వేపపుల్ల ఒకటి. సుశ్రుతుడు దంతధావనమునకు చేదువానిలో వేపను, వగరువానిలో చండ్రను, తీపివానిలో ఇప్పను, కారపువానిలో కానుగను శ్రేష్ఠములని చెప్పెను. పుల్లను కుంచెగ మార్చుటకు ముందు నమలవలయును. పండ్లు తోమెడి నెపమున ప్రాతఃకాలముననే దవడకు కసరత్తు జరుగుచుండెడిది.

నేడు వీని స్థానమున ఏమి వచ్చినవి? నోట వేయగనే కరగిపోవు బిస్కట్టు, గాలితో ఉబ్బించిన పొట్లపు తిండి, పాలలో నానిన రొట్టె. చెరకు రసమైనది, అనగా భక్ష్యము పానీయమైనది. మామిడిపండు సీసాలోని రసమైనది. బిడ్డ మారాము చేయునని తల్లి అన్నమును మిక్సీలో వేసి త్రిప్పి పెట్టుచున్నది. ఆ మిక్సీ ఆ బిడ్డకు వలసిన చాకిరిని తాను చేయుచున్నది. ఆ పిదప పన్నెండు, పదునాలుగు ఏండ్లు వచ్చుసరికి పండ్లు ఒకదానిపై నొకటి ఎక్కినవని పట్టణమునకు తీసికొనిపోయి, తీగలు కట్టించి, సేద్యపు రాబడి నుండి వేలకొలది రూపాయలు చెల్లించు తండ్రులు మన ఊరిలోనే కలరు. నేను మొదట చెప్పిన బాకీ యిదియే. పెద్దలు మిగుల్చుకొన్న శ్రమకు వడ్డీ పిల్లల నోట పడుచున్నది. ప్రతి వంకరపంటికిని మెత్తని తిండియే కారణమని నేననుట లేదు. వంశక్రమమున్నది, పాలపండ్లు పుచ్చి ముందుగ ఊడుటయున్నది, వ్రేలు చీకు అలవాటున్నది. కాని మన చేతిలో నున్న కారణములలో ఇది యొకటి.

అయితే మందు చెప్పుటకు ముందు అతిని గూర్చి హెచ్చరింపవలయును. అమెరికాలో హోరెసు ఫ్లెచరు అను నాతడు (1849–1919) ముద్ద ద్రవమగువరకు నమలినగాని మ్రింగరాదని ప్రబోధించి, లోకమున పెద్ద కోలాహలము లేపెను. అట్టి నియమము భోజనమును శిక్షగ మార్చును. బలము హెచ్చుటయే ఆరోగ్యమనుకొనుటయు పొరపాటే. 1986లో ఫ్లారిడాలో ఒక వ్యక్తి 442 కిలోల బలముతో కొరికినట్లు కొలిచిరి. లోకమున నమోదైన అత్యధికబలమది. అతడు పండ్లు బిగించి కొరుకు అలవాటు కలవాడు. నిద్రలో పండ్లు కొరుకువారి కండరము బలిసినను దంతము అరుగును, దవడకీలు నొచ్చును. మన భోజనమున వాడునది మన గరిష్ఠబలములో కొంత భాగమే. మనకు వలసినది మల్లుని దవడ కాదు, తన పని తాను చక్కగ చేయు దవడ.

ఇంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. నములుట మంచిదని విని, మన యువకులలో ఎవరైనను వక్కపొడిని, గుట్కాను సమర్థించుకొందురేమోయని నా భయము. వక్కను 2004లోనే అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ మానవులకు నిశ్చయముగ క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. పొగాకు కలియనక్కరలేదు, వక్క యొక్కటియే చాలును. వక్క వలన నోటి లోపలిపొర పీచువలె గట్టిపడు వ్యాధి యొకటి వచ్చును. క్రమముగ నోరు తెరచుకొనదు. నాలుగు వ్రేళ్ళు పట్టు నోట ఒక్క వ్రేలు పట్టుట కష్టమగును. కారము తగిలిన మంటలు పుట్టును. తుదకు కొందరికి అది క్యాన్సరుగ మారును. 1952లో ఈ వ్యాధిని తూర్పు ఆఫ్రికాలోని భారతీయ స్త్రీలలో చూచి వర్ణించిరి. నమలుటకై ఏర్పడిన నోటిని నమిలియే మూసివేసికొనుట ఎంత దుఃఖకరము! ఇరువదియేండ్ల బిడ్డడు అన్నపుముద్ద నోట పెట్టుకొనలేక కూర్చుండుటను ఏ తల్లియు చూడకుండుగాక!

మరి చేయదగినదేమి? తొలిపాఠము తల్లిపాలతోనే మొదలగును. రొమ్ము చీకునపుడు శిశువు దవడకండరములు సీసా పీక చీకునప్పటికంటె హెచ్చుగ పాటుపడును. తల్లిపాలు త్రాగిన పిల్లలలో పలువరుస దోషములు తక్కువని పెక్కు పరిశీలనలు తెలిపినవి. ఆరుమాసములు నిండిన పిదప మెత్తని ఆహారముతో ఆరంభించి, పండ్లు వచ్చిన కొలది మెత్తదనమును తగ్గింపవలయును. ఏడాది నిండిన బిడ్డ ఇంటిలోని భోజనమునే తినగలుగవలయును. అయిదేండ్లు నిండని పిల్లలకు వేరుసెనగ, సెనగ వంటి గట్టి గింజలు గొంతున అడ్డుపడి ప్రాణాపాయము తెచ్చును, వారికి వలదు. ఆ పై వయస్సున చెరకు, జామ, ముల్లంగి, క్యారెట్టు, రొట్టె, వేయించిన గింజలు దినమున కొకటైనను ఉండవలయును. శిక్షణవలన బలము హెచ్చుననుటకు నిదర్శనము కలదు. 1987లో ఇంగర్వాల్, బిట్సానిస్ అను వారు ముఖము పొడవుగ పెరుగుచున్న 13 మంది పిల్లలచేత దినమునకు రెండు గంటలు గట్టి బంకను ఒక సంవత్సరము నమిలింపగా, వారి కొరుకుడు బలము పెరిగెను. దవడ పెరుగుదల దిశయును మేలువైపునకు మరలెను. చిన్న పరీక్షయే, కాని పెరుగు వయస్సు చేజార్చుకొనరానిదని తెలుపుటకు చాలును.

పెద్దల మాటయు మరువరాదు. పండ్లన్నియు ఊడి కట్టుడుపండ్లు పెట్టుకొన్నవారి కొరుకుడు బలము, సొంతపండ్లు కలవారి బలములో నాల్గవవంతు ప్రాంతమున నుండును. పండ్లు లేని నోట కండరమును క్రమముగ సన్నగిల్లును. అప్పుడు వారు పండ్లు, గింజలు, పచ్చికూరలు మాని మెత్తనివాని కంటుకొందురు, శరీరము నీరసించును. 'ముసలితనమున పండ్లూడుట సహజము' అని మనము విడిచిపెట్టుచున్నాము. జపానువారు విడిచిపెట్టలేదు. ఎనుబదియేండ్ల వయస్సున ఇరువది సొంతపండ్లు నిలుపుకొనవలయునని 1989లో వారొక ఉద్యమము నారంభించిరి. అప్పుడు ఆ స్థితిలో నున్నవారు పదిమందిలో ఒకరును లేరు. 2016 నాటి లెక్కలో నూటికి 51 మంది అట్లున్నారు. అది మంత్రము కాదు. పండ్లు తోముట, పుచ్చిన పంటిని పెరుకుటకు ముందే బాగుచేయించుట, పొగ మానుట. మన ఊరిలో ఎనుబదియేండ్ల వారెందరు? వారిలో ఎందరు తేగను తినగలరు? ఈ లెక్కను వ్రాయుటకు ఒక పద్దుపుస్తకము నేనిచ్చెదను. యువజనులు ఇల్లిల్లు తిరిగి పూరింతురు గాక.

గ్రంథాలయమునకును ఈ విషయమునకును సంబంధమేమని ఇంకను ఎవరికైన సందేహమున్నచో ఒక్క మాట. నాట్యశాస్త్రమునకు వ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు రసానుభవమునకు చర్వణయని పేరిడెను. కావ్యమును మ్రింగువాడు రసికుడు కాడు, నమలువాడే రసికుడు. అట్లని ఒకరు నమిలినదానినే మరల నమలుట చర్వితచర్వణమై ఏవగింపు కలిగించును. మనస్సునకును దవడకువలె గట్టి వస్తువు వలయును. కరగిపోవునదే దినమెల్ల అందుచున్నచో రెండును బలహీనపడును. ఇరువదియైదు సంవత్సరములుగ ఈ చిన్న మందిరము మన పిల్లలకు కొరుకుడుపడని పుస్తకములను సయితము అందుబాటులో నుంచినది. కొరుకుడుపడలేదని వానిని తీసివేయవలదని కార్యవర్గమునకు నా మనవి.

ఈ సభ ముగియగనే పిల్లలకు ఫలాహారములు పంచుచున్నారు. ఈ యేడు పొట్లపు తిండికి మారుగ చెరకుముక్కలు, ఉడికించిన తేగలు, జొన్నరొట్టె ఏర్పాటు చేయుటకు కార్యవర్గము నా మాట మన్నించినది. బాలబాలికలారా, తొందరపడక కూర్చుండి తినుడు. తాతలకు పండ్లు లేనిచో చెరకును రసము తీసి యిండు. మీకు మాత్రము గడగనే వలయునని అడుగుడు.